రొట్టెల పండుగకు దారి బోర్డులు: వచ్చేటప్పుడు కాదు, తిరిగి వెళ్లేటప్పుడు తప్పిపోతున్నారు

దర్గామిట్ట కుర్రాడు:

అందరికీ నమస్కారం. నెల్లూరు దర్గా పక్కన స్వర్ణాల చెరువులో దిగి రొట్టెలు మార్చుకునే రొట్టెల పండుగ రోజుల్లో రెండేళ్లుగా మా వీధి కుర్రాళ్లం మంచినీళ్ల పందిరి వేస్తున్నాం. నీళ్లకంటే ఎక్కువగా మేము పంచింది దారులు. పోయినసారి ఒక నోటు పుస్తకం దగ్గర పెట్టుకుని ఎవరు ఏమి అడిగారో రాస్తూ వచ్చాను. తీరిగ్గా చదువుకుంటే ఒక సంగతి తేలింది. మధ్యాహ్నం వరకు అందరిదీ ఒకటే ప్రశ్న, 'చెరువు ఎటు?' అని. దానికి బోర్డు కూడా అక్కర్లేదు, జనం పోతున్న వైపు పోతే స్వర్ణాల చెరువే వస్తుంది. పొద్దు గుంకాక ప్రశ్న మారిపోయింది. 'మా బండి ఎక్కడ పెట్టామో తెలియడం లేదు', 'మా బస్సు ఏ మైదానంలో ఉంది?'

కర్నూలు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ తడి చీరతో, కొంగులో రొట్టె మూట కట్టుకుని మా పందిరి దగ్గర కూలబడింది. బండి గుర్తేమిటమ్మా అంటే 'పెద్ద వేపచెట్టు, పక్కన తెల్ల గోడ' అంది. నెల్లూరులో వేపచెట్టు, తెల్ల గోడ లేని సందు ఏది? ఆమె కొడుకును వెతికి పట్టుకునేసరికి రెండు గంటలు పట్టింది.

నేను చూసినంతలో బాణాలన్నీ దర్గా వైపే. తిరుగు దిక్కుకు ఒక్క బాణమూ లేదు. పార్కింగ్ 1, పార్కింగ్ 2 అని అంకెలు రాశారు. పొద్దున హడావిడిగా దిగినవారికి సాయంత్రానికి ఆ అంకె గుర్తుండదు. అందుకని అంకెలు తీసేసి ఒక్కో మైదానానికి ఒక్కో బొమ్మ పెడదామని, అధికారులకు ఇవ్వడానికి ఒక చిన్న ప్రణాళిక రాస్తున్నాను. మీ అనుభవాలు చెప్పండి. తిట్టినా పరవాలేదు.

మూలాపేట పెయింటర్:

తమ్ముడూ, మంచి పని. ముప్పై ఏళ్లుగా బోర్డులు రాస్తున్నాను కాబట్టి అక్షరం గురించి నాలుగు మాటలు.

ఇంగ్లీషు అక్షరానికి పాత లెక్క ఒకటుంది. అంగుళం ఎత్తుంటే ముప్పై అడుగుల దూరం నుంచి చదవవచ్చు. ఆ లెక్కే తెలుగుకు పెట్టి బోర్డు చేస్తారు, అక్కడే దెబ్బ తింటారు. మన అక్షరానికి పైన గుణింతం, కింద వత్తు. 'స్వర్ణాల' అనే మాటే తీసుకోండి. స కింద వ వత్తు, ర కింద ణ వత్తు. అంగుళంలో రాస్తే వత్తు పావు అంగుళం కూడా ఉండదు, ఇరవై అడుగులకే చుక్కలా అలికిపోతుంది. నేనైతే తెలుగుకు ఒకటిన్నర రెట్లు పెంచి రాస్తాను. వరుసల మధ్య ఖాళీ కూడా అంతకంత వదలాలి, లేకపోతే పై వరుస వత్తు కింది వరుస తలకట్టు మీద కూర్చుంటుంది. గీత మరీ లావుగా ఉన్నా కష్టమే, సున్నా లోపలి ఖాళీ పూడిపోతుంది.

రెండో సంగతి, మాట. 'వాహనములు నిలుపు స్థలము' అని రాయమంటారు. రాసిచ్చి డబ్బులు తీసుకుంటాను కానీ, పార్కింగ్ అంటే ఆఖరి ఊరి తాతకు కూడా తెలుసు. మూడక్షరాల మాట ఉండగా బోర్డు నింపేంత మాట ఎందుకు?

మూడోది అన్నింటికంటే ముఖ్యం. మీరు ఎంత మంచి బోర్డు పెట్టినా తెల్లారేసరికి దాని మీద ఎవరో ఒకరి శుభాకాంక్షల ఫ్లెక్సీ వేలాడుతుంది. దానికి మందు చెప్పండి ముందు.

పొగతోట వాసి:

ఫ్లెక్సీ మాట వెయ్యి పాళ్లు నిజం. మా వీధిలో ఆసుపత్రి బాణం గుర్తు మీద ఏడాదిగా ఎవరిదో పుట్టినరోజు నడుస్తోంది.

ఇంకొక మాట. పండుగ రోజుల్లో మా ఆసుపత్రుల సందుల్లోకి కార్లు తోసుకొచ్చి వదిలి వెళ్తారు. అంబులెన్సు తిరగడానికి చోటుండదు. బోర్డులు 'ఇటు రండి' అని చెప్పడమే కాదు, 'ఇటు రావద్దు' అని కూడా చెప్పాలి.

కావలి ప్రయాణికుడు:

నాకొక సందేహం. అందరి చేతిలో ఫోను ఉంది. బండి పెట్టిన చోట మ్యాపులో గుర్తు పెట్టుకుంటే అయిపోయే పనికి ఇంత తతంగమా?

దర్గామిట్ట కుర్రాడు:

నేనూ అలాగే అనుకునేవాణ్ణి. లక్షల మంది ఒకే చోట చేరేసరికి ఫోను కలవడమే గగనం. ఒకవేళ మ్యాపు తెరుచుకున్నా మామూలు రోజుల దగ్గరి దారి చూపిస్తుంది. పోలీసులు ఆ దారికి అడ్డంగా కట్టెలు కట్టిన సంగతి దానికి తెలియదు. పైగా చెరువులో దిగేవారు ఫోన్లన్నీ ఒకరి సంచిలో వేసి ఆ ఒక్కరిని గట్టు మీద కూర్చోబెడతారు. ఆ ఒక్కరూ కనిపించకపోతే అన్ని ఫోన్లూ కనిపించనట్టే.

విశ్రాంత కండక్టరు:

బస్సుల సంగతి నేను చెబుతాను. పండుగ డ్యూటీలు చాలా చేశాను. జనాన్ని ఒక చోట దింపి, ఇంకొక చోట ఎక్కించుకోవడం మా ప్రాణానికి వచ్చేది. ఉదయం దింపిన చోటికి సాయంత్రం బస్సు రాదు, ఎందుకంటే అప్పటికి ఆ రోడ్డును ఒకవైపు దారి చేసి ఉంటారు. ప్రయాణికుడేమో దిగిన చోటే నిలబడి ఉంటాడు. పాపం, వాడి తప్పేముంది? దిగిన చోటే బస్సెక్కడం మనిషి అలవాటు.

బోర్డులు పెట్టేముందు దింపే చోటు, ఎక్కే చోటు ఒకటి చేయగలరేమో చూడండి. కుదరకపోతే, దిగుతున్నప్పుడే కండక్టరు చేత ఒక చీటీ ఇప్పించండి. ఎక్కే చోటు బొమ్మ ఆ చీటీ మీద ఉండాలి. టికెట్టు వెనకైనా సరే.

అన్నానగర్ కోడలు:

మా పుట్టిల్లు నెల్లూరు, ఉండేది చెన్నైలో. పండుగకు తమిళనాడు నుంచి, కర్ణాటక నుంచి ఎంతమంది వస్తారో మీకు తెలిసిందే. మా పక్కింటివారిని తీసుకొచ్చినప్పుడు వారికి ఒక్క బోర్డూ చదవరాలేదు. తమిళం పెట్టండి అని అడుగుదామంటే, ఉర్దూ కావాలి, కన్నడం కావాలి, హిందీ కావాలి. ఐదు లిపులు ఒక పలక మీద ఎక్కిస్తే ఎవరి లిపీ ఎవరికీ ఆనదు. అందుకని బొమ్మల ఆలోచనకు నా ఓటు. బాణం, బొమ్మ, నిమిషాలు. అంతే.

నిమిషాలు అని ఎందుకన్నానంటే, 'అర కిలోమీటరు' అంటే మా అత్తగారికి దగ్గరో దూరమో తెలియదు. 'పది నిమిషాలు' అంటే కూర్చుని వెళ్దామా, ఇప్పుడే వెళ్దామా అని ఆవిడే తేల్చుకుంటారు.

దర్గామిట్ట కుర్రాడు:

అక్కా, నిమిషాల మాట బాగుంది. మామూలు పెద్ద మనిషి నిమిషానికి ఎనభై మీటర్లు నడుస్తాడు. అర కిలోమీటరుకు ఆరు నిమిషాలు చాలు. అయితే తడి బట్టలు, చంకలో బిడ్డ, పక్కన అమ్మమ్మ ఉంటే యాభై మీటర్లే లెక్క, మీరన్న పది నిమిషాలు సరిగ్గా అక్కడికి వస్తాయి. బోర్డు మీద అమ్మమ్మ నిమిషాలే రాయాలి. కుర్రాడి నిమిషాలు రాస్తే బోర్డు అబద్ధమాడినట్టు ఉంటుంది.

బొమ్మలకు పాత ఉదాహరణ ఒకటుంది. మెక్సికో నగరంలో 1969లో మెట్రో రైలు మొదలైనప్పుడు చదువురానివారి కోసం ప్రతి స్టేషనుకూ ఒక బొమ్మ పెట్టారు. ఇప్పటికీ ఉన్నాయి.

విశ్రాంత కండక్టరు:

మెక్సికో దాకా ఎందుకు బాబూ? 1951-52లో మన మొదటి ఎన్నికలకే చదువురాని ఓటరు కోసం గుర్తులు పెట్టారు కదా. పేరు చదవలేని తాత గుర్తు చూసి ఆ పెట్టెలో ఓటు కాగితం వేసి వచ్చాడు. మనవాళ్లకు బొమ్మ చదవడం ఎవరూ నేర్పనక్కర్లేదు.

మినీ బైపాస్ ఆటో:

కండక్టరు గారు నిప్పు రాజేశారు. ఇప్పుడు ఏ బొమ్మ పెడతారో చెప్పండి. సైకిల్ పెట్టగలరా? ఫ్యాన్? గాజు గ్లాసు? కమలం? చెయ్యి?

పొగతోట వాసి:

వరికంకి పెడదాం. నెల్లూరు అంటే వరే కదా.

మినీ బైపాస్ ఆటో:

కంకి కొడవలి గుర్తు లేదా? ఏనుగు అంటారేమో, అదీ ఉంది. గొడుగో కుక్కరో అంటే వచ్చే ఎన్నికలకు ఏ స్వతంత్రుడికో ఇస్తారు. మన మైదానంలో బండి పెట్టినవాడు ఆ పార్టీవాడని రాసేస్తారు.

కావలి ప్రయాణికుడు:

మలై కాజా పెట్టండి. ఏ పార్టీకీ లేదు.

మూలాపేట పెయింటర్:

మలై కాజా బొమ్మ దూరం నుంచి ఇటుకలా ఉంటుంది నాయనా. గీసినవాణ్ణి నాకు తెలుసు, అది నేనే. ఒక మిఠాయి దుకాణానికి గీస్తే ఇటుకల బట్టీనా అని అడిగారు.

దర్గామిట్ట కుర్రాడు:

రాత్రంతా ఆలోచించాను. జంతువులూ పక్షులూ పెడదాం. ఎన్నికల సంఘం ఇప్పుడు కొత్తగా ఎవరికీ జంతువుల గుర్తులు ఇవ్వడం లేదు. గుర్తు పేరుతో బతికున్న జీవాలను ఊరేగింపుల్లో హింసిస్తున్నారని ఆపేశారు. ఏనుగులాంటి పాతవి ఒకటి రెండు తప్ప మిగతా అడవీ గొడ్ల చావిడీ మనకు ఖాళీ.

మన ప్రాంతంవే తీసుకుందాం. రొయ్య, సముద్రపు తాబేలు, పులికాట్ రాజహంస, ఒంగోలు ఎద్దు, నెల్లూరు పొట్టేలు. ఐదు మైదానాలకు ఐదు. చేప వద్దు, దూరం నుంచి రొయ్యకూ చేపకూ తేడా తెలియక కొట్టుకుంటారు. మతానికి సంబంధించినవి ఏవీ వద్దు. హిందువులు, ముస్లిములు కలిసి రొట్టెలు మార్చుకునే చోట బొమ్మ దగ్గర పేచీ రాకూడదు.

ఒంగోలు మాట ఎత్తానని నెల్లూరువారు అలగవద్దు. ఆ జాతిని బ్రెజిల్‌లో పిలిచేది 'నెలోర్' అనే. లెక్క సరిపోయింది.

బుచ్చి అక్కయ్య:

మీరందరూ మగవారిలా ఉన్నారు, ఒకరిద్దరు తప్ప. బొమ్మలు బాగున్నాయి. కానీ బోర్డు మీద మొదట రాయవలసింది పార్కింగ్ కాదు, మరుగుదొడ్డి. తరువాత బట్టలు మార్చుకునే గది. చెరువులో మోకాలి లోతు నీళ్లలో నిలబడి రొట్టె పుచ్చుకుని వచ్చిన ఆడవారు తడి బట్టలతో ఊరంతా నడవాలా? గది ఉంటుంది, ఎక్కడో మూల ఉంటుంది, దాని బోర్డు దాని గుమ్మానికే ఉంటుంది. గుమ్మం దాకా వచ్చినవారికి బోర్డెందుకు?

ఇంకొకటి, వెలుతురు. పగలు దగ్గరిదారి, రాత్రి దగ్గరిదారి ఒకటి కాదు. చీకటి సందు గుండా ఐదు నిమిషాలకంటే దీపాలున్న రోడ్డు మీద పదిహేను నిమిషాలు నయం మాకు. బాణం గుర్తు దీపాల దారికే పెట్టండి.

దర్గామిట్ట కుర్రాడు:

మీ మాటకు ఎదురు లేదు. ప్రణాళికలో మొదటి పేజీ తిరగరాస్తున్నాను.

చక్రాల కుర్చీ నుంచి:

ఏ బోర్డూ చెప్పని విషయం ఒకటి చెబుతాను. ముందు మెట్లున్నాయా లేవా? బాణం పట్టుకుని అరగంట తోసుకుంటూ వెళ్లాక చివర మూడు మెట్లు కనిపిస్తాయి. ఆ అరగంటా వెనక్కి తోసుకోవాలి. మెట్లు లేని దారికి వేరే బాణం పెట్టండి, అది మొదటి మలుపులోనే ఉండాలి. ఏటవాలు చెక్క వేస్తే ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు తప్పనిసరి. అంతకంటే నిటారుగా వేసినది నాకు జారుడుబల్ల.

కారు నిలిపే గడి మామూలుగా రెండున్నర మీటర్ల వెడల్పు. నేను తలుపు తీసి కుర్చీలోకి మారాలంటే 3.6 మీటర్లు కావాలి. ప్రతి మైదానంలో గేటు పక్కన రెండు గళ్లు సున్నం గీసి ఉంచండి చాలు.

మినీ బైపాస్ ఆటో:

మైదానాల లెక్క ఎవరైనా వేశారా? ఎకరానికి ఎన్ని కార్లు పడతాయి?

దర్గామిట్ట కుర్రాడు:

తిరిగే దారితో కలిపి కారుకు 23 చదరపు మీటర్లు అని పట్టణ ప్రణాళికల్లో లెక్క. ఎకరం 4,047 చదరపు మీటర్లు. అంటే దాదాపు 175 కార్లు, అదీ సున్నం గీతల ప్రకారం నిలిపితే. ఎవరి ఇష్టానికి వారు వదిలితే అందులో చాలా భాగం వృథా.

మినీ బైపాస్ ఆటో:

అయితే అసలు బోర్డు మైదానం దగ్గర కాదు, ఊరి బయట ఉండాలి. చెన్నై వైపు నుంచి వచ్చే కారు హైవే దిగకముందే 'రొయ్య నిండింది, తాబేలు ఖాళీ' అని తెలియాలి. ఊళ్లోకి వచ్చాక గేటు ముందు 'నిండింది' అని చెబితే ఆ కారు వెనక్కి తిరగలేదు. రైలు కట్ట కింది అండర్ బ్రిడ్జి దగ్గర నాలుగు కార్లు ఇలా తిరగబోయాయంటే నెల్లూరు సగం ఆగిపోతుంది. వాన పడి నీళ్లు నిలిచిన రోజు ఇక చెప్పనక్కర్లేదు. కరెంటు బోర్డులు, కెమెరాలు ఏమీ వద్దు. గేటు దగ్గర ఒకడు, హైవే మలుపులో ఒకడు. ఇద్దరి చేతిలో వాకీటాకీ. మలుపులోవాడి దగ్గర తిప్పే పలక. ఒకవైపు పచ్చ, ఒకవైపు ఎరుపు.

పూర్తిగా నిండేదాకా ఆగవద్దని కూడా వాడికి చెప్పండి. నూటికి ఎనభై ఐదు నిండగానే ఎరుపు తిప్పాలి. దారిలో ఉన్న కార్లకు ఆ పదిహేను కావాలి.

పొగతోట వాసి:

హైవే మీద మనం పలక పాతలేము. దానికి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 67వ నంబరు ప్రమాణం ఉంది, రంగూ కొలతా దాని ప్రకారమే. అనుమతి ముందే అడగాలి.

మినీ బైపాస్ ఆటో:

పాతమని ఎవరన్నారు సార్? మనిషి పట్టుకుని నిలబడతాడు.

రాజమండ్రి అల్లుడు:

నేను నెల్లూరువాణ్ణి కాను, అత్తవారి ఊరు. ఆలస్యంగా చూశాను ఈ చర్చ.

2015 జూలై 14, గోదావరి పుష్కరాల మొదటి రోజు మా ఊళ్లో ఏమి జరిగిందో అందరికీ తెలుసు. ఒక్క ఘాట్ దగ్గర తొక్కిసలాటలో ఇరవైమందికి పైగా పోయారు. ఊళ్లో వేరే ఘాట్లు లేక కాదు. అందరికీ తెలిసిన పేరు అదొక్కటే కావడం కూడా ఒక కారణమని నా అభిప్రాయం. దారి చెప్పడమంటే జనాన్ని పంచడం కూడా.

మీ పండుగలో నాకు నచ్చింది ఏమిటంటే, కోరికను బట్టి విద్య రొట్టె, ఉద్యోగ రొట్టె, వివాహ రొట్టె, సంతాన రొట్టె అని దేనికది వేరు. ఒక్కో రొట్టెకు గట్టు మీద ఒక్కో చోటు దూరదూరంగా చూపిస్తే జనం వాళ్లంతట వాళ్లే విడిపోతారు. ఏ రొట్టెకు ఎటు వెళ్లాలో గట్టు మీదకు వచ్చాక చెబితే మాత్రం అక్కడే ఆగి, వెనక్కి తిరిగి, ఎదురు నడుస్తారు. పార్కింగ్ దగ్గరే చెప్పి పంపండి.

పెద్ద మ్యాపు పలక ఏదైనా పెడితే దారి ఇరుకైన చోట పెట్టవద్దు. ఒకడు ఆగి చదివితే వెనక వందమంది ఆగుతారు. దారి పక్కన ఖాళీ చూసి, నాలుగడుగులు లోపలికి జరిపి పెట్టండి. మ్యాపు కూడా ఉత్తరం పైకి ఉండేలా కాదు. చూసేవాడి ఎదుట ఏముందో అదే పైన ఉండాలి. లండన్‌లో 2007 నుంచి వీధి పలకలు అలాగే చేస్తున్నారు. తల తిప్పి, పలక తిప్పి చూసుకునే బాధ ఉండదు.

దర్గామిట్ట కుర్రాడు:

చాలా విలువైన మాట. వివాహ రొట్టె దగ్గర, ఉద్యోగ రొట్టె దగ్గర ఉండే తోపులాట చూసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టకూడదని రాసుకున్నాను.

ఇంకొక విషయం ఎవరూ అనలేదు. పండుగ మొహర్రం నెలను బట్టి వస్తుంది కాబట్టి ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2023లో జూలై 29న మొదలైంది, 2024లో 17న, 2025లో 6న. ఈ లెక్కన 2029 నాటికి మే నెలలోకి వచ్చేస్తుంది. మే నెల నెల్లూరు ఎండలో 'పది నిమిషాల నడక' అంటే ఏమిటో నేను చెప్పనక్కర్లేదు. ఇప్పుడు వేసే నడక దారి నీడనుబట్టి వేయాలి. చెట్లున్న దారి కాస్త చుట్టైనా అదే దారి.

అన్నానగర్ కోడలు:

రాత్రి మాత్రం బొమ్మలు కనిపించవు కదా?

విశ్రాంత కండక్టరు:

రంగనాయకులపేట రంగనాథస్వామి గాలిగోపురం చూడండి. దానికి బోర్డు ఎవరూ పెట్టలేదు, అదే పెద్ద బోర్డు. ఎత్తుగా ఒకటి ఉంటే చాలు. కార్తీకంలో గుడిలో ఆకాశదీపం ఎత్తుతారు, ఊళ్లో ఏ మూలనుంచైనా కనిపిస్తుంది. ప్రతి మైదానంలో ఒక నిలువు కర్ర, పైన లాంతరు పెట్టె. నాలుగువైపులా బొమ్మ, లోపల దీపం.

బుచ్చి అక్కయ్య:

రంగులు వేరు చేస్తే సరిపోదా?

మూలాపేట పెయింటర్:

ఎరుపూ పచ్చా తేడా తెలియని మగవారు చాలామంది ఉంటారమ్మా. మా బావమరిది ఒకడు, పైగా లారీ తోలుతాడు. రంగు ఉండనివ్వండి, కానీ బొమ్మ మీదే ఆధారపడాలి. బొమ్మ నల్లగా, వెనక తెల్లగా. వివరాలు ఉండకూడదు, నీడలా నిండుగా ఉండాలి.

మినీ బైపాస్ ఆటో:

ఆ గేటు పిల్లల చేతికున్న వాకీటాకీ మాటెలా ఉన్నా, పండుగకు తిరిగే ఆటోల అద్దం మీద అంటించడానికి ఐదు బొమ్మల కాగితాలు మాకూ ఇవ్వండి. 'రొయ్యకు పది రూపాయలు' అని మేమే అరుస్తాం.

పొగతోట వాసి:

పది రూపాయలకు ఆటో? ఈ మాట ఎవరైనా ఫొటో తీసి పెట్టుకోండి.

దర్గామిట్ట కుర్రాడు:

సరే. పండుగ దాకా ఆగకుండా ఒకసారి చేసి చూద్దాం. వచ్చే ఆదివారం సాయంత్రం ఒకే మైదానం, చెరువు గట్టు దాకా ఒకే దారి. పలకలు అట్టముక్కలవే. ఈ ఊరు తెలియనివారిని పదిమందిని తీసుకురండి, వారిలో ఇద్దరైనా పెద్దవయసువారు ఉండాలి. వారిని గట్టు దాకా తీసుకెళ్లి, చీకటి పడ్డాక ఫోన్లు తీసుకుని, 'మీ బండి దగ్గరకు వెళ్లండి' అని వదిలేద్దాం. మనం వెనకాల నడుస్తాం, మాట్లాడము. ఎక్కడ ఆగి దిక్కులు చూస్తారో అక్కడ సుద్దముక్కతో గుర్తు పెడతాం. బోర్డు రావలసింది అక్కడ. చక్రాల కుర్చీ అన్నగారూ, మీరు రాగలిగితే దారి మీరే ఎంచాలి.

చక్రాల కుర్చీ నుంచి:

వస్తాను. మూడు మెట్లున్న చోటు నాకు ముందే తెలుసు, అయినా చెప్పను. మీరే కనుక్కోండి.

మూలాపేట పెయింటర్:

ఐదు బొమ్మలూ అట్ట మీద గీశాను. రొయ్య, తాబేలు, రాజహంస, మూపురం ఎద్దు బాగానే వచ్చాయి. పొట్టేలు దగ్గర మాత్రం చిక్కు. నెల్లూరు గొర్రెల్లో పల్లా రకం ఒళ్లంతా తెలుపు కాబట్టి జోడిపి రకం పొట్టేలును గీశాను, మూతి చుట్టూ నల్ల మచ్చలతో. మా మనవరాలికి వాకిట్లో నిలబడి చూపించాను. కుక్క అంది.

మినీ బైపాస్ ఆటో:

మచ్చలు తీసేసి కొమ్ములు పెద్దవి చేయండి అన్నా. మెలి తిరిగి ఉండాలి.

మూలాపేట పెయింటర్:

చేశాను. ఇప్పుడు నత్త అంటోంది. ఆదివారానికి ఇంకా మూడు రోజులుంది.